గంప అడుగున వంజరం

మా అత్త లక్ష్మణమ్మ భోగాపురం సంతలో చేపలమ్ముతుంది. గంపలో పైన చవక కవళ్ళు పరుస్తుంది, అడుగున ఖరీదైన వంజరం దాస్తుంది. మంచి సరుకు ముందే చూపిస్తే బేరం తెగదని ఆమె లెక్క.

2016 వేసవి ముందు నా భర్త సూరయ్య సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఏడాది తిరిగేదాకా నేను గడప దాటకూడదంది అత్త. నా చెప్పులు తలుపు వెనక్కి తోసింది కూడా ఆమే.

అందుకే ఎంసెట్ ఆప్షన్లు పెట్టడానికి మా అమ్మాయి తులసితో నెట్ సెంటరుకు ఆమే వెళ్ళింది. రాజాం కాలేజీలో సీఎస్ఈ తులసి ఆశ. అక్కడైతే హాస్టల్లో ఉండాలి. దగ్గర కాలేజీలో ఐటీ అయితే రోజూ బస్సులో వెళ్ళి రావచ్చు. రెండూ వచ్చే ర్యాంకే. "ఐటీలో ఉన్న కంప్యూటర్లని నడపడం ఎక్కువంట. సీఎస్ఈ అంటే వాటికి బుర్ర పెట్టడం. నాకదే కావాల" అని వాళ్ళ నాన్న ఉండగానే చెప్పింది.

మధ్యాహ్నం అత్త వస్తూనే గుమ్మంలో కూలబడింది.

"పనైపోనాది. ఐటీ పైన ఎట్టించీసినాను. రాజాం అడుగునెట్టించినాను. మంచిది గదా."

నా చేతిలో చేట ఆగింది.

"తులసీ, ఆ కంప్యూటర్ పైనుంచి సూస్తాదా, కిందనుంచా?" అనడిగాను.

తులసి జడ కొస వేలికి చుట్టుకుంది. "పైనుంచే. పైదొచ్చేస్తే కిందవి సూడదు."

"ఒసే, నువ్వు పక్కనే ఉన్నావు గదే! నోట్లో ఏటెట్టుకున్నావు, బెల్లమా?"

"తెలిసే ఊరుకున్నాను నానమ్మా. నువ్వు తెల్లారీసరికి సంతకెల్పోతావు. అమ్మ గడప దాటదు. తన దగ్గరెవులుంటారు?"

సాయంత్రంతో గడువు అయిపోతుంది. పద, మార్చుకుందాం అన్నాను. తులసి కదల్లేదు. మళ్ళీ అన్నాను. గోడవైపు తిరిగి కూర్చుంది.

అత్త నన్నే చూస్తోంది. కొడుకును పోగొట్టుకున్న తల్లి. ఆమె ముందు గడప మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. ఆమే లేచింది. తలుపు వెనక చెప్పులు తీసి, కొంగుతో దుమ్ము దులిపి, నా కాళ్ళ ముందు పెట్టింది.

"తొడుక్కో. మన పేటోలు ఏటైనా అంటే నాతో అనమను."

ముగ్గురం ఆటో ఎక్కాం. నెట్ సెంటరు కిక్కిరిసి ఉంది. "ఇప్పుడేటమ్మా మార్పులు, సర్వర్ లాగట్లేదు" అన్నాడు అక్కడి మనిషి.

"వంజరం పైకి తియ్యి బాబూ" అంది అత్త.

అతను తెల్లబోయాడు. తులసి మౌసు పట్టుకుంది గానీ నొక్కలేదు. వెనక్కి తిరిగి, అంతమంది మధ్య నిలబడ్డ నన్ను చూసింది. నా కాళ్ళకున్న చెప్పులు చూసింది. అప్పుడు నొక్కింది.

తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. చక్రం ఆగింది.

"మారినాదమ్మా" అంది తులసి.

"ఏది పైనున్నాదే?"

"రాజాం, నానమ్మా."

ఇంటికొచ్చాక చెప్పులు విప్పి తలుపు వెనక పెట్టబోయాను.

"బయటే ఉండనీ" అంది అత్త.