అక్క ఇంటి స్తంభం

భూకంపం వచ్చినా కూలని ఇళ్లు కట్టడం నేర్పే స్వచ్ఛంద సంస్థలో మేస్త్రి పెద్ద గురువుగారైపోయాడు. "స్తంభంలో ఇనుప రింగుల కొసలు కొక్కెంలా లోపలికి వంచకపోతే అది ఇల్లు కాదర్రా, గోరీ!" అని శిష్యుల మీద గయ్యిమనేవాడు.

ఓ రోజు పాఠానికి మేస్త్రి వాళ్లక్క తన ఇల్లే చూపించమంది. "మా తమ్ముడు స్వయంగా కట్టాడు మరి!" మేస్త్రి ఏవో సాకులు చెప్పాడు. ఆవిడ వింటేనా! లోపలి రింగులు కనబడేలా శిష్యులు స్తంభం మూల చెక్కారు. పదేళ్ల కిందట, సాయంత్రంలోగా కాంక్రీటు పోసేయాలన్న తొందరలో, తెలిసి తెలిసీ వంచకుండా వదిలేసిన కొసలు బయటపడ్డాయి. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది.

అక్క మాత్రం ముఖం చాటంత చేసుకుని, "బాగా చూడండి నాయనా, మీరూ అచ్చం ఇలాగే కట్టాలి!" అంది.