నరసరావుపేట నుంచి గురజాలకు ఒక ఆక్టోపస్‌తో

నాకు పుట్టుకతోనే కుదురు లేదు, ఈ ప్రయాణంలో అయితే మరీను. గురజాల ఆడపిల్లల హైస్కూల్లో రెండేళ్లుగా టెంపరరీ సైన్సు టీచర్ని. మర్నాడు పదింటికి ఇన్‌స్పెక్ట్రెస్ గారొచ్చి నా పాఠం వింటారు. నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. పాఠం పెద్ద ఆక్టోపస్ జీవితం. సముద్రమే చూడని మా పిల్లలకి బోర్డు మీద బొమ్మేసి ఏం చెప్పను? అందుకని నరసరావుపేట కాలేజీలో తెలిసిన మాస్టారిని బతిమాలి, మొన్ననే బాపట్ల సముద్రంలో దొరికిన ఆక్టోపస్‌ని సీసాతో సహా అడిగి తెచ్చుకున్నాను. పాఠంలోది చల్లటి సముద్రాల్లో మనిషిని మించి పెరిగే రకం, ఇది దాని బుల్లి చుట్టం.

పిడుగురాళ్ల బస్సు మూడింటికి, టిక్కెట్టు రూపాయి. అక్కడ అయిదింటికి మాచర్ల రైలు అందుకుంటే దీపాల వేళకి గురజాల. సీసా ఒళ్లో పెట్టుకుని, గతుకు గతుక్కీ మూత నొక్కుకుంటూ, పక్కాయన వాచీ వైపే చూస్తూ కూర్చున్నాను. సగం దారిలో మద్యనిషేధం వాళ్ల చెక్‌పోస్టు. కృష్ణ అవతల నుంచి దొంగసారా వస్తుందని అటూ ఇటూ పోయే ప్రతి బస్సూ ఆపుతారు.

జవాను మూత దగ్గర ముక్కు పెట్టాడు. "ఏందమ్మా ఇది, సారా కంపు కొడతా ఉంది?"

"సారా కాదయ్యా, స్పిరిటు. జంతువు కుళ్లకుండా పోశారు."

"స్పిరిటు తాగేవాళ్లని చానామందిని పట్టుకున్నాంలే. కాగితం ఏదీ?"

కాగితం లేదు. దిగమన్నాడు. రైలు పోతుందన్న కంగారులో నా నోరు ఊరుకోలేదు. "అంత అనుమానమైతే నువ్వే ఒక గుక్క తాగి చూడు!" అన్నాను. ఎనిమిది చేతులూ ముడుచుకుని ఉన్న ఆ జంతువుని చూసి బస్సంతా గొల్లుమంది. అతని మొహం కందగడ్డయింది. సీసా లాక్కుని స్పిరిటంతా రోడ్డుపక్కన ఒంపేసి, "ఇప్పుడు తీసుకుపో" అన్నాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ ఊరికే అనలేదు. మార్చి ఎండ, తెల్లారేసరికి అది కుళ్లడం ఖాయం. నా ఉద్యోగం నేనే పోగొట్టుకున్నానని బస్సులోనే ఏడ్చేశాను.

వెనక సీట్లోంచి ఎండుచేపలమ్మే సువార్తమ్మ అనే పెద్దావిడ ముందుకు వంగింది. "ఎందుకే అమ్మాయ్, ఏడుస్తావు? నా చేపలకి నేను స్పిరిటు పోస్తన్నానా? ఇటియ్యి." సంచిలోంచి కల్లుప్పు తీసి ఒక్కో చేతికీ పట్టించి, పాతగుడ్డలో చుడుతూ, "ఇదేం తింటది? ఎట్టా కంటది?" అని మొదలెట్టింది.

నేను టీచర్నని, రేపటి పాఠం ఇదేనని అంతా చెప్పాను. తినేది పీతల్ని. గుండెలు మూడు, రక్తం నీలం. ఆ పెద్దరకం బతికేది మూడు నాలుగేళ్లే. ఆడది జీవితంలో ఒక్కసారే గుడ్లు పెడుతుంది, వేలకు వేలు. రాతిగుహ పైకప్పుకి జడల్లా వేలాడదీసి, నెలల తరబడి వాటిమీద నీళ్లు చిమ్ముతూ, తుడుస్తూ కాపలా కాస్తుంది. అన్నాళ్లూ తిండి ముట్టదు. పిల్లలు బయటపడే వేళకి తను చచ్చిపోతుంది. బియ్యపుగింజంత పిల్లలు నీళ్లలో కొట్టుకుపోతాయి, బతికేవి ఏ ఒకటో రెండో.

"మరి మొగుడో?"

"జతకట్టిన కొన్నాళ్లకే పోతాడు, పెద్దమ్మా."

"ఓసి దీని దుంపతెగ! మరి పీతని పట్టడం ఆ పిల్లలకి ఎవరు నేర్పుతారే?"

"ఎవరూ నేర్పరు. పుట్టుకతోనే వస్తుంది."

"అయితే నీ ఉద్యోగం వాటికి అక్కర్లేదు!" అని పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

పిడుగురాళ్లలో పరుగెత్తి, కదులుతున్న రైలెక్కాను.

మర్నాడు క్లాసులో గుడ్డ విప్పితే ఆక్టోపస్ కుళ్లలేదు గానీ, గుప్పున ఎండుచేపల వాసన. ఇన్‌స్పెక్ట్రెస్ గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. అయినా పళ్లెంలో పెట్టి బెంచీ బెంచీకీ తిప్పాను. పిల్లలు మొదట జంకి, తర్వాత ఎగబడ్డారు. "టీచర్, ఈ చేతి కింద చిన్న చిన్న గిన్నెలున్నాయండీ!" అని ఒకటే గోల.

ఇన్‌స్పెక్ట్రెస్ గారు లేచొచ్చారు. రుమాలు మడిచి, ఒక చేతిని వేలితో మెల్లగా నిమిరారు. "పన్నెండేళ్లు ఈ పాఠం చెప్పానమ్మా," అన్నారు, "ముట్టుకోవడం ఇదే మొదటిసారి."

ఉద్యోగం ఖాయమైంది. ఆ జవాను మీద నాకింకా కోపమే. కానీ అతను స్పిరిటు ఒంపకపోయి ఉంటే మా పిల్లలు గాజుసీసాని చూసి ఇంటికి పోయేవాళ్లని ఒప్పుకోక తప్పదు. ఈ దారిన ఇలాంటివి తీసుకెళ్లే టీచర్లకి ఒక్క సలహా: కాలేజీ ముద్ర వేసిన కాగితం తీసుకుని, పొద్దుటి బస్సే ఎక్కండి. క్లాసుకి చేరాక మాత్రం సీసా మూత తీసేయండి.