అరవై రెండు దగ్గర ఆగిన గది

అక్టోబరులో ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్‌ని మొదటిసారి ఆన్ చేసిన రోజున, నేలలోని జాలీల్లోంచి వేసవంతా పేరుకున్న దుమ్ము కాలిన వాసన వస్తుంది. మిషిగన్ రాష్ట్రం ట్రాయ్‌లోని మా ఇంట్లో ఆ వాసన పది నిమిషాలకు మించి ఉండదు. ఆ పది నిమిషాలూ నేను ఏ పనీ చెయ్యలేను, ఎందుకంటే నా బుర్ర నన్నడక్కుండానే నలభై ఏళ్ల కిందటి ఒక శీతాకాలంలో మా ఇంట్లో పోయినవన్నీ లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. అమ్మ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కించిన స్టీలు కంచాలు నాలుగు. ఇత్తడి తాంబాళం ఒకటి. పూలకుండీలు ఆరు, వాటిలో రెండు పక్కింటివాళ్లవి. నాన్న ఎడమ కనుబొమ్మలో సగం. ఆదివారాలు ఎనిమిది. నాయనమ్మ ఒకరు. ఈ చివరి అంకె దగ్గరికి వచ్చేసరికి వాసన పోతుంది, నాకు చిరాకు మొదలవుతుంది.

నేను ఇంజినీర్ని కాను. స్కూలు బస్సులు ఏ వీధిలో ఎన్ని నిమిషాలు ఆగాలో లెక్కలు వేసే ఆఫీసులో పనిచేస్తాను. ఆ లెక్కలు నాకెవరూ నేర్పలేదు. తొమ్మిదో ఏట నాన్న నా చేతిలో పెట్టిన గళ్ల నోటుబుక్కు నేర్పింది, అంతే.

అప్పట్లో మేం ఊరి చివర పాత చెక్కింట్లో ఉండేవాళ్లం. నాన్న కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో అచ్చులు చెక్కే పనిలో ఉండేవారు. ఇంట్లో ఫర్నేస్ ముందు గదులకే చాలేది; వెనక ఎవరో తర్వాతెప్పుడో అతికించిన గదికి దాని గొట్టాలు వెళ్లలేదు. పడకగదులన్నీ మేడమీద, నాయనమ్మ మోకాళ్లు మెట్లెక్కవు, కాబట్టి ఆ వెనక గదే ఆవిడది. నవంబరు వచ్చేసరికి కిటికీ అద్దాల లోపలివైపు మంచు పువ్వులు పూసేవి, తలుపు కింద నుంచి గాలి ఈల వేసేది, కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి చెంచా దిగేది కాదు, ఇడ్లీ పిండి మూడు రోజులైనా పొంగక గిన్నెలో బుద్ధిమంతురాలిలా కూర్చునేది. నాయనమ్మ రెండు జతల మేజోళ్లు, మంకీ క్యాప్, దానిమీద శాలువా, శాలువా మీద నాన్న పాత కోటు వేసుకుని, ఆ గదిలోని గ్యాస్ పొయ్యి ముందు కుర్చీలో ముడుచుకునేది. ఎలక్ట్రిక్ హీటరు కొనొచ్చుగా అని అమ్మ అంది. కొన్నారు. స్విచ్ వేసిన మరుక్షణం పాత వైరింగు తట్టుకోలేక ఇల్లంతా ఫ్యూజు పోయింది. దాన్ని వాపసు ఇచ్చేశారు.

ఇక ఆ పొయ్యి. నాయనమ్మ దాన్ని కుంపటి అనేది. వంకీలు తిరిగిన పోత ఇనుప కాళ్లు, నల్లటి రేకు ఒళ్లు, అడుగున వరసగా నీలిమంటలు, వెనక నుంచి చిమ్నీలోకి వెళ్లే గొట్టం, ఇంటికంటే పాతది. నీలిమంట తన చుట్టూ ఉన్న గాలిని వేడి చేస్తుందే తప్ప మనిషి మీదికి వేడిని విసరదని నాన్న చెప్పేవారు. వేడెక్కిన గాలి సగం గొట్టంలోంచి బయటికి, సగం పైకప్పుకి. సాలెపురుగులకు తప్ప దానివల్ల ఎవరికీ సుఖం లేదు. దాన్ని మొదట తయారుచేసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే ప్రతి మంట మీదా ఒళ్లంతా చిల్లులున్న మట్టి దిమ్మ ఒకటి నిలబెట్టారు. అది ఎర్రగా కాలి, ఎండ తగిలినట్టు, వేడిని నేరుగా ఎదుట కూర్చున్నవాళ్ల మీదికి పంపుతుంది. వెనక్కి పోయే వేడిని ముందుకు తిప్పడానికి వంచిన రాగి రేకు ఉండేది. మా చేతికి వచ్చేసరికి తొమ్మిది దిమ్మల్లో రెండే మిగిలాయి. నాయనమ్మ వాటిని మొక్కజొన్న కంకులంది, అదే పేరు స్థిరపడింది. రాగి రేకును ఏ మహానుభావుడు ఊడబెరుక్కుపోయాడో తెలియదు.

దాన్ని బాగుచెయ్యడం ఎప్పటికైనా నింపాదిగా జరగాల్సిన పని. దీనికో గడువు రావడానికి కారణం పెద్దత్తయ్య. నాన్నకి అక్క, ఎడిసన్‌లో ఉండేది, ప్రతి ఆదివారం ఫోన్ చేసేది.

"ఒరేయ్, అమ్మ పళ్లు కొట్టుకుంటున్న చప్పుడు న్యూజెర్సీ దాకా వినపడుతోందిరా. మా అపార్ట్‌మెంట్‌లో సిక్స్‌టీ ఎయిట్‌కి తగ్గదు. క్రిస్మస్ సెలవులకి వస్తాను. ఆ గదిలో సిక్స్‌టీ ఎయిట్ ఉందా, సరే. లేదా, అమ్మని నాతో తీసుకుపోతాను."

ఫారెన్‌హీట్‌లో అరవై ఎనిమిదంటే సెల్సియస్‌లో ఇరవై. "సరే అక్కా," అన్నారు నాన్న. పక్కనే కూర్చున్న నాయనమ్మని ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడ చింతపిక్కలు అరగదీసుకుంటోంది.

నాయనమ్మ వెళ్లిపోతే నాకు అష్టాచెమ్మా ఆడేవాళ్లుండరు. నాకు తెలిసినంతలో పందెం అదీ. కాబట్టి నాన్న నోటుబుక్కు ఇచ్చి, ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన పాదరసం థర్మామీటరును నాయనమ్మ కుర్చీ చేతికి పురికొసతో కట్టి, "రోజుకి నాలుగుసార్లు చూసి రాయాలి, కింద పాదరసం ఉన్న బల్బు ముట్టుకోకూడదు, ఉన్నది ఉన్నట్టు రాయాలి" అన్నప్పుడు, నాకంటే శ్రద్ధగా ఆ పని చేసేవాళ్లు మిషిగన్ మొత్తంలో ఉండరని ఇప్పటికీ అంటాను. నాలుగు గడులు: టైము, బయట చలి, గ్యాస్ తిప్పు ఎంత, కుర్చీ దగ్గర ఎంత.

మొదటి ఆదివారం నాన్న పూలకుండీలు పగలగొట్టి ఆ పెంకులకు చిల్లులు వేసి మంట మీద నిలబెట్టారు. దీపావళి ఆ ఏడు మా ఇంట్లో అలా జరిగింది. ఒక్కో పెంకూ టపాకాయలా పేలి, ఒక ముక్క పులిహోర గిన్నెలో పడింది. తర్వాత కొలిమి ఇటుకలు తెచ్చి రంపంతో కోశారు. ఎర్రటి ఇటుక పొడి ఇల్లంతా ఆవరించి, కారప్పొడిలో కలిసిందో లేదో కూడా తెలియని స్థితికి వచ్చాం. నాలుగో ఆదివారం గ్యాస్ ముందు తిప్పి అగ్గిపుల్ల తర్వాత గీయడంతో కనుబొమ్మ పోయింది. ఆరో ఆదివారానికి ఏడు కంకులూ కుదిరాయి. ఇంక వెనక రేకు. తాంబాళాన్ని చింతపండుతో తోమి పెడితే వేడికి వంకర్లు పోయింది. అప్పుడు నాన్న చూపు వంటింటి గూట్లో ఉన్న కంచాల మీద పడింది.

"మా పుట్టింటివాళ్లు పేరు కొట్టించి ఇచ్చింది అన్నం తినడానికి," అంది అమ్మ, "మంట వెనకాల నిలబెట్టడానికి కాదు."

"నాలుగే కదా."

"ఇవాళ నాలుగు. రేపు మీ కుంపటికి ఆకలేస్తే కుక్కర్ కూడా పెట్టండి."

పెట్టేవారే, వంగేదైతే. నాలుగు కంచాలూ అంచులు కోసి దోనెలా వంచి, నాయనమ్మ కుర్చీ వైపు తిరిగేలా కోణం చూసి బిగించారు. ఆ రోజు పొయ్యి వెలిగించాక తొమ్మిది కంకులూ ముందు గోధుమరంగుకి, తర్వాత ముదురు ఎరుపుకి, ఆ తర్వాత పండిన మిరపకాయ రంగుకి తిరిగాయి. వాటి వెనక కంచాల్లో ఇంకో తొమ్మిది కనిపించాయి. ఆ ఎర్రటి వెలుగులో అమ్మ పేరు చుక్కలు నాలుగుసార్లు మెరిశాయి. అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసి, వెళ్లి, పల్లీలు తెచ్చి పొయ్యి మీద వేయించడానికి పెట్టింది.

ఆ తర్వాత జరిగినవి వరసగా చెబుతాను, ఎందుకంటే ఇవేవీ నోటుబుక్కులో లేవు. ముందు నాయనమ్మ కోటు తీసేసింది. రెండు రోజులకి మంకీ క్యాప్. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగి గిన్నె అంచు దాటింది. ఇద్దరం కుర్చీ వదిలి నేలమీద సుద్దముక్కతో గళ్లు గీసి అష్టాచెమ్మా ఆడేవాళ్లం. నవంబరులో ఐసులా ఉన్న నేల అది. ఆవిడ ఒక జత మేజోళ్లు, తర్వాత రెండో జతా విప్పి, ఉత్త పాదాలు పొయ్యి వైపు చాపుకుని, నా కాయని చంపినప్పుడల్లా కాలి వేళ్లు ఆడించేది. నేను మధ్యమధ్య లేచి థర్మామీటరు చూసి వచ్చేదాన్ని. యాభై ఎనిమిది. అరవై. అరవై రెండు. అక్కడ ఆగిపోయింది. కోణం మార్చారు, కంకులు దగ్గరగా జరిపారు, తలుపు కింద గుడ్డలు కుక్కారు. అరవై రెండు.

ఇక్కడ కాటుక గురించి చెప్పాలి. నాయనమ్మ ఆముదం దీపం మీద గిన్నె బోర్లించి మసి పట్టి కాటుక చేసేది, రోజూ స్కూలుకి వెళ్లేముందు నా కుడి బుగ్గ మీద దిష్టిచుక్క పెట్టేది. మొదటి వారంలోనే మా టీచరు అది దెబ్బ అనుకుని నన్ను నర్సు దగ్గరికి తీసుకుపోయింది. అప్పట్నుంచి నేను బస్‌స్టాప్‌లోనే చేతి తొడుగుతో చుక్క తుడిచేసుకునేదాన్ని. ఎడమ తొడుగు ఎప్పుడూ నల్లగా ఉండేది. నాయనమ్మకి తెలుసో తెలియదో, మర్నాడు మళ్లీ పెట్టేది.

పెద్దత్తయ్య శనివారం వచ్చింది. పరీక్ష ఆదివారం పొద్దున్న పదింటికి. ఎనిమిదికే పొయ్యి వెలిగించారు. పది నిమిషాలు తక్కువ పదికి నేను గదిలోకి వెళ్లి చూస్తే థర్మామీటరు అరవై ఎనిమిది చూపిస్తోంది. దగ్గరికి వంగి చూశాను. కింద వెండిలా మెరవాల్సిన బల్బు నల్లగా ఉంది. నాయనమ్మ ఉంగరం వేలి కొన కూడా నల్లగా ఉంది.

"పొద్దస్తమానం అందరూ పాపం దాని మొహంలోకే చూస్తుంటే దిష్టి తగలదూ? చుక్క పెట్టానే," అంది.

ఉన్నది ఉన్నట్టు రాయాలి. బల్బుకి ఏమీ అంటకూడదు. నేను గౌను అంచుతో శుభ్రంగా, రెండుసార్లు, తుడిచేశాను. అరవై ఆరు. అరవై నాలుగు. పది కొట్టేసరికి అరవై రెండు. అదే రాశాను. నాన్నని పిలిచాను.

పెద్దత్తయ్య వచ్చి కోటు విప్పకుండా పొయ్యి ముందు నిలబడి, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ, వంగి అంకె చదివింది.

"సిక్స్‌టీ టూ. చూశావుగా. ఈ చలిలో ఉంచుతావురా అమ్మని?"

"నాకు వెచ్చగానే ఉందే," అంది నాయనమ్మ, ఉత్త పాదాలతో.

"నీకేం తెలుసమ్మా! అక్కడ సిక్స్‌టీ టూ అంటుంటే!"

గదిలో నలుగురం ఉన్నాం. ముగ్గురం గాజుగొట్టం వైపు చూస్తున్నాం. ఇన్నేళ్లు గడిచినా ఆ నిమిషం తలుచుకుంటే నాకు ఆ ముగ్గురినీ, నాతో సహా, భుజాలు పట్టుకుని కుర్చీ వైపు తిప్పాలనిపిస్తుంది. నాన్న నా చేతిలోని నోటుబుక్కు తీసుకుని, కింద తన చేత్తో మూడు వరసల లెక్క వేశారు. కావలసింది అరవై ఎనిమిది, వచ్చింది అరవై రెండు, తేడా ఆరు.

మర్నాడు పెద్దత్తయ్యతో వెళ్లేముందు నాయనమ్మ నా బుగ్గ మీద చుక్క పెట్టింది. స్కూలు సెలవులు, బస్సు లేదు. తుడవలేదు.

ఎడిసన్ నుంచి ఫోన్‌లో, "ఇక్కడ గాలి వెచ్చగానే ఉందే బంగారూ, కాళ్లకే ఏమీ తగలదు" అనేది. మూడో శీతాకాలంలో అక్కడే పోయింది. ఆ తర్వాత వచ్చిన వేసవిలోనే నాన్న ఫర్నేస్ గొట్టం వెనక గది దాకా లాగించారు. సరిగ్గా అరవై ఎనిమిది. అందులో కూర్చునేవాళ్లు లేరు. మాడి నీలం రంగు తిరిగిన కంచాలతో సహా పొయ్యిని పాత ఇనుము వాడికి ఇచ్చేశారు.

ఇరవై ఆరో ఏట లైబ్రరీలో ఒక పుస్తకంలో చదివాను: మెరిసే బల్బు వేడి కిరణాలను చాలావరకు తిప్పికొట్టి గాలి సంగతే చెబుతుంది, మసి పూసిన బల్బు ఎదుటి నిప్పు నుంచి ఒంటికి తగిలే వేడిని కూడా పట్టుకుంటుంది. నమ్మలేదు. రెండు థర్మామీటర్లు కొని, ఒకదానికి కాటుక రాసి, టోస్టర్ అవెన్ తలుపు తీసి ఎదురుగా పెట్టాను. పదకొండుసార్లు చేశాను. పదకొండుసార్లూ నల్లదే ఎక్కువ చూపించింది. నాన్న పొయ్యిని కట్టిందే ఒంటికి వేడి తగలాలని; కొలిచింది మాత్రం గాలిని. ఆ గదిలో సరైన కొలత పెట్టింది నాయనమ్మ ఒక్కతే, దాన్ని తుడిచేసింది నేను.

నాన్నకి ఇన్నేళ్లూ చెప్పలేదు. ఇప్పుడు ఎనభై దాటాయి, మా ఇంట్లోనే ఉంటారు. మొన్న అక్టోబరులో, ఆ దుమ్ము వాసన వస్తుండగా చెప్పేశాను. అంతా విని, "బల్బుకి మసి ఉంటే రీడింగ్ తప్పేనమ్మా. నువ్వు తుడవడం కరెక్టే," అన్నారు. నాకు జుట్టు పీక్కోవాలనిపించింది.

"తప్పు కాదు నాన్నా! మీరు గెలిచారు, నేను తుడిచేశాను."

నాన్న జాలీ మీద పెట్టుకున్న తన పాదాల వైపు చూశారు.

"ఆ రోజు అమ్మ కాళ్లకి సాక్స్ ఉన్నాయా?"

"లేవు."

"రెండు కాళ్లకీ?"

"రెండు కాళ్లకీ."

నోటుబుక్కు తెమ్మన్నారు. ఆఖరి పేజీ తీసి, నాలుగు గడుల మీదా వేలు పెట్టి వెతుక్కున్నారు. "ఇందులో అమ్మకి గడే లేదు కదే," అన్నారు. ఆ తేడా కొట్టెయ్యండి నాన్నా అని పెన్ను చేతికిచ్చాను. మూత తీసి, కాసేపు పట్టుకుని, మళ్లీ మూత పెట్టేశారు. "నేను కొట్టేస్తే ఎట్లా? ఆ ఆరూ అమ్మకి బాకీ ఉన్నది నేను కదా," అన్నారు.

ఇప్పుడు మా ఇంట్లో మంట ఎక్కడా కనిపించదు. అది బేస్‌మెంట్‌లో మూసిన పెట్టెలో ఉంటుంది. ఎవరూ దాని ఎదుట కూర్చోరు, దాని మీద పల్లీలు వేగవు, గది ఎంత వెచ్చగా ఉందో నా ఫోనే చెబుతుంది. డెబ్బై రెండు అంటుంది. నాన్న రెండు జతల సాక్స్ వేసుకుని శాలువా కప్పుకుని ఉంటారు. నోటుబుక్కు ఆయన పక్కనే బల్ల మీద ఉంది, ఆఖరి పేజీలో ఆ లెక్క అట్లాగే ఉంది. కావలసింది అరవై ఎనిమిది, వచ్చింది అరవై రెండు, తేడా ఆరు.