ఎడమ చెవి మీది ఎర్ర రుమాలు

ఒక అబద్ధం ఇన్నేళ్లుగా నన్ను లోపల్నించి తింటోంది. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో నేను హిందూపురంలో బొమ్మలు వేసి బతికేవాణ్ణి. పెనుకొండ దగ్గర ఒక ఊరి పెద్దరైతు తన నిలువెత్తు బొమ్మ వేయమని పిలిపించి, తన మిద్దెలోనే గది ఇచ్చాడు. అక్కడే గొర్రెలు కాసే నింగప్పను చూశాను. ఎర్ర రుమాలు తలకు చుట్టి, కొస ఎడమ చెవి మీదికి వదిలేవాడు. ఊళ్లో అలా చుట్టేది అతనొక్కడే. సరదాకి అతని బొమ్మ మొదలుపెట్టాను. ముఖం వచ్చింది గానీ రుమాలు మడతలు కుదరలేదు. రెండు రోజుల్లో ఇస్తానని ఆ రుమాలు అడిగి తీసుకుని నా పెట్టెలో పెట్టుకున్నాను.

మరునాడు పొద్దుగూకే వేళ రైతు గడ్డివామి అంటుకుంది. మిద్దె మీద నుంచి నాకు కనిపించింది వామి దగ్గర్నించి పరిగెత్తే ఒక వీపు, ఎర్ర రుమాలు, ఎడమకు వేలాడే కొస. అంతే. చూసినవాణ్ణి గీయమన్నాడు రైతు. గీశాను. ముఖం లేని బొమ్మ ఏం బొమ్మ? నా చెయ్యి నింగప్ప ముఖం పెట్టేసింది. కాగితం చేతులు మారాక గుర్తొచ్చింది, అతని రుమాలు నా పెట్టెలోనే ఉందని. ఎర్ర రుమాళ్లు సంతలో ఎవరికైనా దొరుకుతాయని.

తెల్లారి రచ్చకట్ట దగ్గరికి నింగప్ప తలకు గుడ్డ లేకుండా వచ్చాడు. దాచేశాడని గుసగుసలు మొదలయ్యాయి.

"నా రుమాలు బొమ్మలాయన కాడ ఉండాది సామీ. మొన్ననే ఇస్తి. అడగండి," అన్నాడు.

రైతు నావైపు తిరిగాడు. "ఏమబ్బా, నీకాడ ఉండాదా?"

"లేదు," అన్నాను.

భయమా? లేక చూసింది చూసినట్టు గీస్తాడన్న పేరు పోతుందనా? ఇన్నేళ్లుగా తరచి చూసుకుంటున్నాను, రెండూ ఉన్నాయి, రెండోదే ఎక్కువ.

వేడుకునేవాడు తలగుడ్డ తీసి పెద్దల కాళ్ల దగ్గర పెట్టడం అక్కడి ఆనవాయితీ. నింగప్ప చెయ్యి తల మీదికి వెళ్లి, ఉత్తినే కిందికి దిగింది. ఆ సాయంత్రమే పెళ్లాం బిడ్డలతో సహా ఊళ్లోంచి వెళ్లగొట్టారు. గొర్రెలు రైతు దొడ్లోకి పోయాయి.

అరవైల్లో ఒకసారి ధర్మవరం స్టేషన్లో మూటలు మోస్తూ కనిపించాడు. మండుటెండలో కూడా బోసి తలే. నన్ను చూసి ఆగాడు. నేను గబగబా రైలెక్కాను. కదిలే రైల్లోంచి చూస్తే ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. రచ్చకట్ట దగ్గర అనాల్సిన మాట ఇది. ఉంది. నా దగ్గరే ఉంది. అతను నిజమే చెప్పాడు.

అన్నాను. ఇన్నేళ్లకైనా అన్నాను.