పని ఎవరిదని అడిగితే

పోయినవి ముందు రాస్తాను. నా అలవాటు అది.

ఒక మిక్సర్ యంత్రం, డీజిల్ పోసి కాల్చేశారు. కాంక్రీటును కుదించే ఒక వైబ్రేటర్, దాని గొట్టాన్ని దేనికి వాడారో తర్వాత చెబుతాను. రెండు గదుల స్లాబులో సగం. దాని కింద నలిగిన సెంట్రింగ్ పలకలు ముప్పై ఎనిమిది. పొయ్యి మీద ఉడుకుతున్న ఒక మేక. పోచన్న రెండు మోచేతులు, రెండు మోకాళ్లు, కింది దవడ. మూడో రోజుకు పోచన్న.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. పోలీసులు పంచనామాలో రాసుకున్నారు. ఆ పంచనామాలో లేనిది ఒకటుంది. దాన్ని ఇన్నేళ్లుగా నేనొక్కణ్నే మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడి కూడా, నిజం చెప్పాలంటే, వేరే మాటలే చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే రాయగలుగుతున్నానేమో.

నేను ఏడో తరగతి దాకా చదివాను. తర్వాత నేర్చుకున్నదంతా ఇతరుల పనుల దగ్గర నిలబడి, చూసి నేర్చుకున్నదే. గోడను చూసి ఇటుకలెన్నో చెబుతాను. మా తాలూకా ఊరు సిరొంచలో నన్ను లెక్కలన్న అంటారు. నా లెక్క తప్పదని ఈ దిక్కున ఒక పేరుంది. ఆ పేరే ఒక మనిషిని చంపింది.

మా జిల్లాలో సర్కారు కట్టడాల పని పట్టాలంటే లైసెన్సు ఉండాలి. దాన్ని మూడేళ్లకోసారి మళ్లీ చేయించుకోవాలి. తహసీలు నుంచి ఆస్తి దాఖలా తేవాలి. సొంత మిక్సర్ ఉందని చూపాలి. అన్నిటికంటే ముఖ్యం, ఈ మూడేళ్లలో ఇంత పని పూర్తి చేశాడని ఇంజనీరు రాసిచ్చిన కాగితం కావాలి. అది లేకపోతే మళ్లీ అట్టడుగు తరగతి నుంచి మొదలుపెట్టాలి. అంటే మోరీలు, ప్రహరీ గోడలు, పెద్ద ఠేకేదార్ల, అంటే కాంట్రాక్టర్ల, వెనక చేతులు కట్టుకుని నిలబడడం. ఆ నిలబడడం నేను తొమ్మిదేళ్లు చేశాను.

రెండు వేల అయిదు ఎండాకాలం. జూన్ ఆఖరుకు నా లైసెన్సు గడువు అయిపోతుంది. ఆ మూడేళ్లలో నాకు దొరికిన పెద్ద పని ఒక్కటే, జిమల్‌గట్ట నుంచి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో రెండు గదుల ఆరోగ్య కేంద్రం. ఇంకెవరూ ఆ పని పట్టుకోవడానికి రాలేదు కాబట్టి దొరికింది. ఎందుకు రాలేదో అందరికీ తెలుసు. అడవిలో తుపాకులతో తిరిగేవాళ్లను మా దిక్కు లోపలోళ్లు అంటాం. అంతకు ముందటేడు భామ్రాగడ్ దిక్కు ఒక ఠేకేదారును, అతను కంకర పోయించిన రోడ్డు మీదే పడుకోబెట్టి, గొడ్డలితో రెండు పాదాలూ నరికారు. ఆ మనిషి బతికున్నాడు. అతన్ని నేను బస్టాండులో చూశాను. చూసి కూడా ఆ పని పట్టాను.

పని చేసేది పోచన్న. రేగుంటవాడు, మంచి మేస్త్రీ. లైసెన్సు ఒకరిది, పని మీద నిలబడేది ఇంకొకరు. మా దగ్గర అదే పద్ధతి. లైసెన్సు ఉన్నవాడు సిరొంచకూ జిల్లాకూ తిరుగుతుంటాడు. కూలీలకు కనిపించేది మేస్త్రీయే. పైగా, మరుసటేడు అతని పేరు మీద ఒక చిన్న లైసెన్సు చేయిస్తానని నేను మాట ఇచ్చాను. ఆ మాట పట్టుకుని కూలీలు అతన్ని ఆటపట్టించేవాళ్లు. "ఏం ఠేకేదార్ సాబ్, ఒక బీడీ అన్న ఇప్పియ్యవానే?" అనేవాళ్లు. "లైసెన్స్ రానియ్యుండ్రి, కట్టకు కట్టనే ఇప్పిస్త," అని అతను నవ్వేవాడు. ఆ నవ్వు వెనక నేను చాలా ఏళ్లు దాక్కున్నాను. ఠేకేదారునని తనే అందరికీ చెప్పుకున్నాడు కదా, నేను చెప్పకపోయినా లోపలోళ్లకు అలాగే తెలిసేది కదా అని. తెలిసేదా? ఏమో. తెలిసే అవసరం రాకుండా ముందే చెప్పినవాణ్ని నేను.

జిమల్‌గట్ట సంతలో జరిగింది అది. మిట్టమధ్యాహ్నం. నేను సెంట్రింగుకు మేకులు కొంటున్నాను. లుంగీ కట్టుకున్న ఒక మనిషి, చేతిలో ఉప్పు పొట్లంతో, నా పక్కన వచ్చి నిలబడ్డాడు. నన్ను చూడకుండా, మేకులను చూస్తూ మాట్లాడాడు.

"స్లాబ్ వద్దన్నరు. రేకులేసుకోండ్రి. ఏమనరు."

ఎవరు అన్నారని నేను అడగలేదు. ఎందుకు వద్దన్నారో కూడా అడగలేదు. రేకుల కప్పు మీద మనిషి నిలబడలేడు. స్లాబు మీద ఇసుక బస్తాలు పేర్చుకుని పోలీసులు తుపాకీ పట్టుకుని కూర్చోవచ్చు. ఆ ఊళ్లో అప్పటిదాకా ఒక్క స్లాబు కూడా లేదు.

"పని ఎవలది? ఠేకేదార్ ఎవలు?" అన్నాడు.

ఇక్కడ ఆగుతాను. ఈ చోట ఎన్నిసార్లు ఆగానో నాకే తెలియదు. నాది అని చెబితే ఏమయ్యేది? రేకులు వేయాల్సి వచ్చేది. మంజూరయింది స్లాబు, రేకులు వేస్తే ఇంజనీరు కాగితం ఇవ్వడు. కాగితం లేకపోతే లైసెన్సు లేదు. అంతే. నా పాదాలు పోయేవి కావు. రేకులు వేసుకుంటే ఏమనరని అతను ముందే చెప్పాడు. ఆ క్షణంలో నాకు కనిపించినవి మాత్రం బస్టాండులోని ఆ పాదాలు లేని మనిషి, ఠేకేదార్ల వెనక నిలబడిన నా తొమ్మిదేళ్లు. స్లాబు ఆగకూడదు, దెబ్బ నాకు తగలకూడదు. రెండూ కావాలనుకున్నాను.

"పోచన్నది," అన్నాను. "నేను లెక్క రాసెటోన్ని."

"మల్ల నీ పేరు చెప్పిండ్రు గదా కొందరు?"

"నాకేం లైసెన్స్ ఉంటదే? నేను సదువుకున్నదే ఏడు. ఆయనదే అంతా."

అతను అప్పుడు మొదటిసారి నా ముఖం చూశాడు. "లెక్కలన్నవు గదా. నీ లెక్క తప్పదంటరు."

"తప్పదు."

"అయితే జర సమజ్ చెయ్యి ఆయనకు. పొయ్యద్దని చెప్పు."

"చెప్త," అన్నాను.

చెప్పలేదు.

ఆ సాయంత్రమే పోచన్నను కలిశాను. మేకులు ఇచ్చాను. నీళ్ల డ్రమ్ములు నిండాయా అని అడిగాను. అతను సెంట్రింగు కింద గుంజలను ఒక్కొక్కటే చేత్తో కొట్టి చూపించాడు, కదలవన్నా, ఏనుగెక్కినా కదలవు అని. ఎల్లుండి పోసేద్దామన్నాను. స్లాబు పోసిన రోజు ఠేకేదారు కూలీలకు మేకను కోయించాలి, అది మా దగ్గర రివాజు. మేకకు పైసలు అతని చేతిలో పెట్టాను. నువ్వు కూడా ఉండాలన్నా అన్నాడు. తహసీలులో దాఖలా పనుంది అన్నాను. అబద్ధం కాదు, పని ఉంది. కానీ ఆ పని వారం తర్వాత కూడా చేసుకోవచ్చు.

తర్వాతిది నేను చూడలేదు. పోచన్న భార్య లచ్చక్క చూసింది. ఆమె ఆ రోజు తట్టలు మోసింది.

స్లాబు మధ్యాహ్నానికే అయిపోయింది. మాంసం ఉడుకుతుంటే వచ్చారు, పదిహేను మంది దాకా. ముందు కూలీలను వరసగా కూర్చోబెట్టారు. పోచన్నను మిక్సర్ చక్రానికి బైండింగ్ వైరుతో కట్టారు, వైరు మణికట్టులో తెగి దిగేదాకా మెలిపెట్టి. కూలీల చేత గుంజలు పీకించారు. పచ్చి స్లాబు సగం ఒక్కసారిగా కూలింది. ఆ తడి కంకర పోచన్న కాళ్ల మీద పడింది. తర్వాత వైబ్రేటర్ గొట్టంతో కొట్టారు. దాని కొసకు మోచేతంత పొడవున ఇనుప ముక్క ఉంటుంది. దానితోనే మోచేతులు, మోకాళ్లు, ఒకదాని తర్వాత ఒకటి. వద్దన్న పని ఎందుకు చేశావని అడిగారు. నాకెవ్వలు చెప్పలేదని అతను మొత్తుకున్నాడు. పని నాది కాదు, లైసెన్సు నాది కాదు, లెక్కలన్నది అన్నాడు. "ఆయన్ని అడుగుండ్రి. ఆయన అబద్ధం చెప్పడు," అన్నాడు.

వాళ్లలో ఒకడు, "ఆయన్నే అడిగినం," అన్నాడు. అన్నాక దవడ మీద కొట్టాడు.

ఇక పోచన్న మాట్లాడలేదు. దవడ విరిగి మాట్లాడలేకపోయాడా, ఆ మాట విన్నాక మాట్లాడేదేమీ లేకపోయిందా? ఈ ప్రశ్న నాకు తప్ప ఎవరికీ అక్కరలేదు. మిక్సర్‌కు నిప్పు పెట్టాక అతన్ని విప్పి పక్కకు ఈడ్చారట. అది దయ అనుకోవాలో ఏమో. వీపు అప్పటికే కాలింది.

అహేరి దవాఖానాలో చూశాను. చేతులు మోచేతి దగ్గర ఎటువైపు వంగకూడదో అటువైపు వంగి ఉన్నాయి. ముఖం లేదు, వాపు ఉంది. ఒక కన్ను తెరుచుకుని ఉంది. నేను మంచం పక్కన నిలబడితే ఆ కన్ను నా మీదికి వచ్చింది. అందులో కోపం ఉందేమోనని వెతికాను. ఉంటే బాగుండునని వెతికాను. అప్పటికి లచ్చక్క నాకేమీ చెప్పలేదు, అతను ఏం విన్నాడో నాకు తెలియదు. అందుకే పోచన్నా, ధైర్యంగా ఉండు అన్నాను. ఆ మాట అన్నాను.

మూడో రోజు పోయాడు.

నా లైసెన్సు ఏమైందని మీరు అడగరు, కానీ చెప్పాలి. ఆ ఊరికి పోవడానికి ఇంజనీరు భయపడ్డాడు. కూలిన స్లాబును చూడకుండానే, స్లాబు దాకా పని అయిందని రాసిచ్చాడు. మనిషి చచ్చిన పని కదా, పాపం, అని కూడా అన్నాడు. జూన్ ఆఖరులోపు నా లైసెన్సు కొత్తది అయింది. పోచన్న చావకుండా రేకులు వేసి ఉంటే అది అయ్యేది కాదు. ఈ లెక్కను నేను అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. ఎటు తిప్పినా అదే వస్తుంది.

పదకొండో రోజు దినం అయ్యాక రేగుంట పోయాను, పోచన్నకు రావలసిన కూలి తీసుకుని. దానికి నాలుగింతలు జేబులో ఉంది. లచ్చక్క గడప దగ్గర కూర్చుని ఉంది. వైరు విప్పబోతే తెగిన ఆమె అరచేతులు ఇంకా మానలేదు. కుండలో నీళ్లున్నయి తాగన్నా అంది. తాగాను. జరిగిందంతా అప్పుడు చెప్పింది, ఇప్పుడు మీకు చెప్పిన వరసలోనే, ఏడవకుండా. ఆఖరున అడిగింది.

"ఆయన్నే అడిగినం అన్నరన్నా. నిన్ను అడిగిండ్రా?"

"నన్నెవ్వలు అడగలేదు చెల్లె," అన్నాను.

 నేను పైసలు తీసి ముందు పెట్టాను. ఆమె లెక్కపెట్టలేదు, ముట్టుకోలేదు.

"ఇంతెందుకున్నయి?"

"ఉంచుకో చెల్లె. పిల్లలున్నరు."

"మాకొచ్చేటియి గిన్ని కావు. నాకు లెక్క రాదనుకున్నవా?" అంది. "మా కూలి ఎంతనో అంతనే తీస్కుంట. అది గుడ తర్వాత తీస్కుంట. ఎవల్ని అడిగిండ్రో నీకు యాదికొచ్చిన నాడు తీస్కరా."

నోట్లను మడిచి నా జేబులో తనే పెట్టింది.  

లైసెన్సు కొత్తది చేయించుకున్న ప్రతిసారీ కూలీల బాకీలు ఏమీ లేవని కాగితం మీద సంతకం చేయాలి. చేస్తున్నాను. రెండుసార్లు రేగుంట దాకా పోయి, ఊరి మొదట్లోనే బస్సు దిగకుండా వెనక్కి వచ్చాను. ఆమె పరాయి పొలాల్లో నాట్లకు పోతోందని విన్నాను. ఇంత రాశాక ఇప్పుడైనా పోగలనా? మీకు చెప్పినంత సులువుగా ఆమెకు చెప్పగలనా? చెబుతానని మాట ఇవ్వను. నా మాట విలువ మీకు తెలిసింది. కానీ ఈ కాగితం మీద రాసినంతసేపు ఛాతీ మీది బరువు కొంచెం పక్కకు జరిగినట్టుంది. అంతకంటే ఎక్కువకు నాకు హక్కు లేదు.

పోచన్న కూలి రోజుకు నూట యాభై. పందొమ్మిది రోజులు చేశాడు, స్లాబు రోజుతో కలిపి. నడుమ పన్నెండు వందలు తీసుకున్నాడు. ఇవ్వవలసింది పదహారు వందల యాభై రూపాయలు.