పాటకి ఒక ఇటుక

మా పాపకి మూడేళ్లు నిండినా ఇంకా మాటలు రాలేదు. ఈ సాయంత్రం బొమ్మ పియానో మీద ఒకే మెట్టుని గంటసేపు నొక్కుతూ కూర్చుంది. ఆపమందామని నోరు తెరిచాను. అంతలో చిన్నప్పుడు చోడవరంలో మా పక్కింట్లో ఉండే మాస్టారు గుర్తొచ్చారు.

ఆయన గడప దాటేవారు కాదు. పాత పియానో ముందు కూర్చుని నాలుగే స్వరాలు వాయించి, ఆగి, మళ్లీ మొదటికొచ్చేవారు. మధ్యాహ్నాలు ఎక్కడినుంచో బెల్లం వండే వాసన వచ్చి ఆ స్వరాలతో కలిసిపోయేది. వీధంతా కలగంటున్నట్టుండేది.

"అమ్మమ్మా, మాస్టారు ఏటి సేస్తన్నారు?"

"పాట కడతన్నారే గుంటా. గోల సెయ్యకు."

కట్టడమంటే గోడ కట్టడమే అనుకున్నాను. ఇన్నాళ్లయినా పైకి లేవలేదంటే ఇటుకలు చాలలేదేమోనని దిగులు పడ్డాను. మా పెరట్లోంచి ఒకటి మోసుకెళ్లి ఆయన తలుపు కొట్టాను.

"ఏటమ్మా ఇది?"

"మీ పాటకండి. ఇటుకలు సాలవేమోనని."

ఆయన నవ్వలేదు. ఇటుకని రెండు చేతులా అందుకుని, తన కుర్చీ విరిగిన కాలి కింద పెట్టి కూర్చున్నారు. అవే నాలుగు స్వరాలు వాయించారు. ఈసారి ఐదోది మెల్లగా వచ్చి చేరింది.

"సరిపోయిందమ్మా," అన్నారు.

ఆ పాట పూర్తయిందో లేదో నాకు తెలియదు. పాపని ఆపమనలేదు. పక్కనే నేల మీద కూర్చున్నాను. నొక్కినప్పుడల్లా బొమ్మ పియానో ఒక పక్కకి ఊగుతోంది. నా చేతిరుమాలు మడిచి దాని కింద పెట్టాను.