గాజుదూది దాటిన ప్రాణం

పాతపోస్టాఫీసు వెనక వీధిలో గులాబ్ బీ జట్కా తోలేది. భర్త ఫక్రుద్దీన్ పోయాక పగ్గాలు ఆవిడే పట్టింది. ఊళ్లోకి ఆటోలెన్ని వచ్చినా, షేరా అనే నల్ల మగగుర్రం అండతో నెట్టుకొచ్చింది. 1984 ఎండాకాలంలో ఇనుపలోడు లారీ ఒకటి గుద్దేసి షేరా తుంటి విరిగింది. ప్రాణం దక్కింది గానీ ఇక ఆడగుర్రాన్ని ఎక్కలేదు. అప్పటిదాకా దానికి పిల్ల ఒక్కటీ లేదు.

దాని పిల్ల ఒక్కటైనా కావాలని గులాబ్ బీ బతిమాలితే, పశువుల డాక్టరు త్రినాథరావు దాన్ని నిలబెట్టే వీర్యం తీసి మైక్రోస్కోపులో చూశాడు.

"సగానికి పైగా చచ్చినవేనమ్మా. ఆడగుర్రానికి ఇలాగే ఎక్కిస్తే చూలు నిలవదు. గాజుదూదిలో, అంటే గాజుతో తీసిన సన్నటి పోగుల్లో, వడగడితే చచ్చినవి అతుక్కుపోయి, చురుకైనవి కిందికి దిగుతాయంటారు. నేనెప్పుడూ చెయ్యలేదు. మొత్తం పాడైపోవచ్చు."

"సెయ్యండి బాబూ. ఊరుకుంటే మాత్రం ఏటి మిగుల్తాది?"

గోపాలపట్నంలో అప్పలసూరి అనే జట్కావాడి ఆడగుర్రం ఎదకొచ్చిందని కబురందిన రోజున మళ్లీ వీర్యం తీశారు. సన్నని గాజుగొట్టంలో కూరిన దూదిలోంచి ఒక్కో చుక్కా జారుతుంటే గులాబ్ బీ ఊపిరి బిగబట్టి చూసింది. డాక్టరు ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు.

"కొద్దిగానే ఉన్నాయి. కానీ అన్నీ పరుగెడుతున్నాయి," అన్నాడు. "చల్లబడితే చస్తాయి, ఎండ తగిలినా చస్తాయి."

ఆమె ఆ సీసాను గుడ్డలో చుట్టి, బురఖా లోపల చంకలో పెట్టుకుని డాక్టరు స్కూటరెక్కింది.

దారిలో రైలుగేటు పడి ఉంది. పట్టాల మీద గూడ్సు కదలకుండా నిలబడిపోయింది. డాక్టరు గడియారం చూసుకుంటున్నాడు. గులాబ్ బీ స్కూటరు దిగి నేరుగా రెండు పెట్టెల మధ్యకు నడిచింది.

"వద్దమ్మా, కదిలిందంటే..."

"మీరు రండి బాబూ."

ఒంటిచేత్తో ఇనుము పట్టుకుని ఎక్కింది. అవతలికి కాలు పెట్టబోతుండగా పెట్టెలు ధడేల్మని అదిరాయి. కంకరరాళ్ల మీదికి మోకాళ్లతో పడింది. చంక మాత్రం వదల్లేదు. స్కూటరు గేటు దగ్గరే వదిలేసి డాక్టరూ వెనకే దూకాడు. మిగతా దారి ఇద్దరూ నడకా పరుగూ.

అప్పలసూరి గుమ్మంలోనే ఎదురొచ్చి ఆమె మోకాళ్లు చూశాడు. "ఏటప్పా, ఆ రక్తమేటి?"

"ముందు గుర్రాన్ని పట్టుకో సూరీ."

నెలన్నర తర్వాత డాక్టరు ఆడగుర్రం కడుపులో చెయ్యి పెట్టి తడిమాడు. తడుముతూనే ఉన్నాడు. అప్పలసూరి బీడీ ఆరిపోయినా చూసుకోలేదు.

"నిలిచిందమ్మా."

గులాబ్ బీ వెళ్లి ఆడగుర్రం మెడ నిమిరింది.

వానాకాలం వెళ్లేలోగా షేరా చచ్చిపోయింది. మరుసటి ఏడు నల్లటి ఆడ గుర్రపుపిల్ల పుట్టింది. "నీదే అప్పా, తీసుకుపో," అన్నాడు అప్పలసూరి. పాలు మరిచేదాకా తల్లి దగ్గరే ఉండనీమంది గులాబ్ బీ. పాలు మరిచాక ఇంటికి తెచ్చిన మొదటిరోజు ఆ పిల్ల ఆమెను దగ్గరికి రానివ్వలేదు. ఆమె తొందరపడలేదు. పశువులకొట్టం మూల కూర్చుని, దాని అడుగులు తనవైపు తిరిగేదాకా చూస్తూ ఉంది.